సంచి సర్దే చేతులు

ప్రియమైన మంత్రికి,

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది. ఆలస్యానికి క్షమించు. ముందు కుశలాలు ఒక్క గుక్కలో చెప్పేస్తాను: మోకాలు పర్వాలేదు, అమ్మాయికి ఉద్యోగం మారింది, మనవరాలు కారు నడపడం నేర్చుకుంటోంది, ఇక్కడ చలి తగ్గింది. నువ్వు అడిగిన మందుల సంగతి విడిగా రాస్తాను. గొడుగు మాత్రం నా దగ్గర లేదు. ఎన్నిసార్లు అడిగినా ఇదే జవాబు!

ఇక అసలు విషయం. మొన్న శనివారం నుంచి ఎవరికైనా చెప్పాలని నోరు పీకేస్తోంది. ఇంట్లో వాళ్లకు చెబితే సగం విని ఫోను చూసుకుంటున్నారు. నువ్వే వినాలి.

మా పక్కింటి పెద్దాయన గురించి ఇదివరకు రాశానుగా, ఆకులు ఊడ్చేటప్పుడు ఈల వేసేవాడని? పెద్దాయన అంటున్నానే గానీ ఇంచుమించు మన ఈడువాడే. పుట్టింది, పెరిగింది అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఈ డేటన్‌లోనే. సరుకులకు వెళ్తున్నాను, వస్తావా అని అడిగితే బయలుదేరాను. ఇక్కడి దుకాణాలు ఎంత పెద్దవో నీకు తెలుసు. ఈ చివర నిలబడితే ఆ చివర మనిషి ముఖం ఆనవాలు పట్టలేం. డబ్బు కట్టేచోట మనుషులు తక్కువ, యంత్రాలు ఎక్కువ. మన సరుకులు మనమే యంత్రానికి చూపించి, మనమే సంచిలో వేసుకుని, మనమే డబ్బు కట్టి రావాలి.

మా పక్క యంత్రం దగ్గర ఒక చిన్నవయసు తల్లి ఉంది. చంకలో బిడ్డ ఏడుస్తోంది, వెనక జనం నిలబడ్డారు. ఆ కంగారులో రొట్టె అడుగున వేసింది, దాని మీద కోడిగుడ్లు, వాటి మీద చిక్కుడు గింజల డబ్బాలు. పెద్దాయన చూశాడు. కాసేపు ఓర్చుకున్నాడు. ఇక ఓర్చుకోలేక ఆమె దగ్గరికి వెళ్లి, "అమ్మా, నేను సర్దనా?" అన్నాడు. ఆమె తలూపింది.

మంత్రీ, ఆ చేతుల్ని నువ్వు చూడాలి! సంచిలోవన్నీ బయటపెట్టి, ఒక్కసారి పరికించి చూశాడు. బరువైన డబ్బాలు అడుగున నాలుగు మూలలా నిలబెట్టాడు. అట్టపెట్టెలను సంచి పక్కల వెంట గోడల్లా నిలిపాడు. సీసాలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో మెత్తటి పొట్లాలు దూర్చాడు. చల్లటివన్నీ ఒకచోట చేర్చాడు, సబ్బుల్ని తిండి వస్తువులకు దూరంగా వేరే సంచిలో వేశాడు. చివర గుడ్లు, ఆ పైన రొట్టె. తడబాటు లేదు, తొందర లేదు. ఆవిడ డబ్బు కట్టేలోపు రెండు సంచులూ సరిసమానమైన బరువుతో సిద్ధం. వాటిని రెండు చేతులతో ఎత్తి చూసి, "దేవుడా" అందావిడ. నాకు కళ్లు చెమర్చాయి. ఎందుకో అప్పుడు తెలియలేదు, ఇప్పుడు కొంత తెలుస్తోంది. దాని గురించి తరువాత చెబుతాను.

కారెక్కాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇంటికి వెళ్లే ముందు నీకో చోటు చూపిస్తాను" అని కారు పాత వీధుల్లోకి తిప్పాడు. ఇప్పుడక్కడ కారు చక్రాలు మార్చే దుకాణం ఉంది. ఒకప్పుడు అదే ఆయన పదహారో ఏట పనికి చేరిన కిరాణా దుకాణం. ఒకే కుటుంబం నడిపేదట. లోపల రబ్బరు వాసన, గోడల నిండా చక్రాలు. అక్కడి కుర్రవాళ్లను అడిగి లోపలికి వెళ్లి, నేలకేసి చూపించాడు. ఒకచోట పాత పలకల్లో నాలుగు బోల్టు రంధ్రాలున్నాయి, వాటికి సిమెంటు పూశారు. గల్లా బల్లను నేలకు బిగించింది అక్కడే. దాని చివర, జానెడు అవతల, పలక రంగు పోయి నున్నగా అరిగి చిన్న పళ్లెంలా గుంటపడి ఉంది.

"సంచి కుర్రాడు నిలబడే చోటు. నాకు ముందు ఎందరో నిలబడ్డారు. అరగదీసింది మేమందరం" అన్నాడు.

ఆయన అందులో నిలబడితే చక్రాల దుకాణం కుర్రవాడొకడు పని ఆపి చూశాడు. పదహారేళ్లు ఉంటాయో ఉండవో.

ఆ పని ఎలా ఉండేదో ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తాను. 1973లో చేరాడట, గంటకు 1 డాలరు 60 సెంట్లు. మరుసటి ఏడు ప్రభుత్వం కనీస వేతనం 2 డాలర్లకు పెంచితే ఇంట్లో పండగ చేసుకున్నారట. చేరగానే గల్లా దగ్గరికి రానిచ్చేవారు కాదు. మొదట వెనక గదిలో ఖాళీ సీసాల పని. జనం తిరిగి తెచ్చిచ్చిన పానీయాల సీసాల్ని ఏ కంపెనీవి ఆ పెట్టెల్లో వేరుచేయాలి. ఎండాకాలంలో ఆ తీపికి కందిరీగలు ముసిరేవట. అది చక్కగా చేస్తే సంచులు సర్దే పని. అదీ వచ్చాక డబ్బాల మీద ధర ముద్రలు వేసే పని. పెట్టె పైమూత కోసి, డబ్బాలు బయటికి తీయకుండానే వరుసగా ఊదారంగు సిరా ముద్ర వేసుకుంటూ పోవాలి. పాత సరుకు ముందుకు జరిపి కొత్తది వెనక పెట్టాలి. మాంసం కోసే యంత్రం మాత్రం ముట్టుకోకూడదు, పద్దెనిమిది నిండనివాళ్లు దాన్ని నడపకూడదని చట్టం. ఆ యంత్రం కేసి ఆశగా చూసేవాణ్ణని చెప్పి నవ్వాడు.

అన్నిటికంటే పెద్ద విషయం సంచులు మోసుకెళ్లడం. పెద్దవాళ్ల సరుకులు ఇంటిదాకా తీసుకెళ్లి, వంటగదిలో ఏది ఏ అరలో ఉండాలో అక్కడ పెట్టి రావాలి. వీధిలో ఎవరింట్లో ఏం జరుగుతోందో సంచి చూస్తే తెలిసిపోయేది, నాకు తెలుస్తోందని వాళ్లకూ తెలుసు, అయినా నమ్మి తలుపు తెరిచేవారు అన్నాడు. కొడుకు సైన్యానికి వెళ్లిన ఇంట్లో పాల సీసాలు తగ్గాయి. ఒక ఇంట్లో కాఫీ ఆగిపోయింది, అంటే ఆ ముసలాయన పోయాడు. ఆ రోజుల్లో ఈ ఊళ్లో ఎన్‌సీఆర్ వాళ్ల గల్లా యంత్రాల కర్మాగారంలో వేలాదిమందికి ఉద్యోగాలు పోయాయి. పళ్ల చక్రాలతో తిరిగే పాత యంత్రాల స్థానంలో ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాయి, వాటి తయారీకి అంతమంది అక్కర్లేదు. వార్త పత్రికలో రాకముందే నా చేతులకు తెలిసింది, సంచులు తేలికయ్యాయి అన్నాడు. యజమాని అప్పు పుస్తకంలో పేజీలు పెరిగాయి గానీ ఎవర్నీ వట్టి చేతులతో పంపలేదట. పదహారేళ్ల పిల్లవాడు ఇవన్నీ చూసి, నోరు విప్పకుండా కడుపులో దాచుకోవడం! బడిలో మూడో బెంచీ మీద మనం చేసుకున్న రహస్య తీర్మానం గుర్తుందా? ఒక్క పూట కూడా దాగలేదు.

ఇంటికొచ్చాక మనవరాల్ని కూర్చోబెట్టి కంప్యూటర్‌లో వెతికించాను. నాకు తెలియని సంగతులు ఎన్నో. గల్లా యంత్రం పుట్టిందే ఈ ఊళ్లోనట! జేమ్స్ రిటీ అని ఒక మద్యం దుకాణదారు 1879లో తయారుచేశాడు. గీతల ముద్ర చూసి ధర పట్టే యంత్రం ఉంది చూడు, మొన్న ఆ తల్లి కుస్తీపట్టింది దానితోనే, అది దుకాణంలో మొదటిసారి పనిచేసింది ఇక్కడికి దగ్గర్లోని ట్రాయ్ అనే చిన్న ఊళ్లో, 1974 జూన్ 26 ఉదయం. ఆ యంత్రాన్ని అక్కడ బిగించింది ఎన్‌సీఆర్, తూకపు యంత్రాల హోబార్ట్ కంపెనీ ట్రాయ్‌లోనే ఉంది, అందుకే ఆ ఊరిని ఎంచుకున్నారు. మొదట అమ్మింది 67 సెంట్ల చూయింగ్ గమ్ కట్ట. అంటే మన పెద్దాయన ఇక్కడ డబ్బాల మీద ఊదా ముద్రలు వేస్తున్న రోజుల్లోనే, పక్కనే ఆ ముద్రలకు కాలం చెల్లిపోయింది. మర్నాడు ఆయనకు చెబితే, "తెలుసు, మా యజమాని మమ్మల్ని చూడ్డానికి తీసుకెళ్లాడు" అన్నాడు! చూసొచ్చి యజమాని ఏమన్నాడని అడిగాను. దారంతా ఏమీ అనలేదట.

ఆ యంత్రం పెట్టిన మార్ష్ దుకాణాల సంస్థే 2017లో దివాలా తీసి మాయమైంది. దేశమంతటా ఒకప్పుడు పదహారు వేల దుకాణాలదాకా నడిపిన ఏ అండ్ పీ కూడా 2015లో తలుపులు మూసేసింది. చిన్నవాటిని మింగిన పెద్దవే మిగల్లేదు. చిన్న దుకాణాల కోసం 1936లో ఇక్కడ ఒక చట్టం చేశారు. పెద్దగా కొనేవాడికి మాత్రమే అన్యాయంగా ధర తగ్గించి అమ్మకూడదని దాని సారం. 1980ల నుంచి దాన్ని దాదాపు అటకెక్కించారు. దుకాణాలు కాలంతో పాటు వాటంతటవే పోయాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అక్కరకొచ్చే చట్టాన్ని పక్కన పెట్టినవాళ్లున్నారు కదా!

ఇంకొకటి చెప్పాలి. అసలు కొనేవాడే దుకాణమంతా తిరుగుతూ సరుకులు ఏరి తెచ్చుకోవడం అన్నది 1916లో మొదలైంది. మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ అని దుకాణం తెరిచాడు. అంతకుముందు మనం చీటీ ఇస్తే బల్ల వెనకున్న మనిషి ఒక్కొక్కటీ తెచ్చిచ్చేవాడు. బుట్ట చేతికిచ్చి, నువ్వే తెచ్చుకో అన్నది ఈయనే. అలా ముందు బల్ల వెనక మనిషి పోయాడు, తరువాత ధర ముద్రలు వేసేవాడు, ఆపైన సంచి కుర్రాడు, ఇప్పుడు గల్లా దగ్గరి అమ్మాయి. వాళ్ల పనంతా ఒక్కొక్కటిగా మన చేతికి వచ్చిపడింది, జీతం మాత్రం రాలేదు. ఆ తల్లి చంకలో బిడ్డతో నలుగురు మనుషుల పని ఒక్కతే చేస్తోంది మంత్రీ. నాకు అందుకే... సరే, అది నీకు అర్థమవుతుంది.

మనవరాలు ఏమడిగిందో తెలుసా? "తాతయ్యా, నాకూ అలాంటి పని దొరుకుతుందా?" అంది. దానికి సరిగ్గా పదహారు. 1979లో ఇక్కడ పదహారు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల్లో సగం కంటే ఎక్కువమంది పనిచేసేవారో, పని వెతుక్కునేవారో. ఇప్పుడు అది మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. చదువుల ఒత్తిడి ఒక కారణం, నిజమే. వాళ్ల అమ్మ ముందు ససేమిరా అంది. నేను మాత్రం పిల్ల పక్షం. పొరుగువాళ్ల సరుకులు మోసి, వాళ్ల వంటగదిలో అరలు తెలుసుకున్న పిల్ల ఏ పుస్తకంలోనూ దొరకనిది నేర్చుకుంటుంది. దీని మీద ఇంట్లో రెండు రాత్రులు వాదన జరిగింది, అల్లుడు ఎటూ తేల్చలేదు, నీకు తెలుసుగా ఆయన సంగతి.

ఆదివారం పెద్దాయన మా ఇంటికి వచ్చి, వంటగది బల్ల మీద పిల్లకు సంచి సర్దడం నేర్పాడు. కాగితపు సంచే కావాలని తానే తెచ్చాడు. అడుగు చదునుగా ఉండి తనంతట తానే నిలబడే సంచి. దాన్ని చేసే యంత్రానికి 1871లో పేటెంటు పొందింది మార్గరెట్ నైట్ అనే ఆమె. ఆమె ఊహను కాజేసి తనదని చెప్పుకున్నవాడితో పోరాడి మరీ గెలిచింది. పిల్ల మొదటి సంచి ఒకవైపు ఒరిగింది. ఆయన ఏమీ అనలేదు. అన్నీ బయటికి తీసి, "మళ్లీ" అన్నాడు. మూడోసారికి నిలబడింది. ఆయన సంచిని చేత్తో పైకెత్తి, అడుగు తట్టి, తలూపాడు. పిల్ల ముఖం చూడాలి నువ్వు!

ఇంకా స్టాంపుల సంగతి చెప్పనేలేదు. పది సెంట్ల కొనుగోలుకు ఒక పచ్చ స్టాంపు ఇచ్చేవారట, 1200 అంటిస్తే ఒక పుస్తకం నిండేది, పుస్తకాలు ఇచ్చి దీపాలూ దుప్పట్లూ తెచ్చుకునేవారు. వాళ్లమ్మ అలా తెచ్చిన గడియారం ఇంకా నడుస్తోంది, వచ్చి చూడమన్నాడు. ఆ గడియారం వెనక ఒక కథ ఉందట, అందులో ఆ యజమాని కూతురు కూడా ఉంది, అది వింటే నువ్వు

మనవరాలు తపాలా కార్యాలయానికి బయలుదేరింది, తలుపు దగ్గర నిలబడి తాళాలు ఆడిస్తోంది. పక్కన వాళ్ల అమ్మ కూర్చుంటుందిలే, భయపడకు. మిగతాది వచ్చే ఉత్తరంలో. చెల్లెమ్మను అడిగానని చెప్పు. నీ రక్తపోటు సంఖ్యలు రాయి, దాచకు.

నీ
సేనాపతి