కుర్సురా సబ్‌మెరైన్‌లో చెప్పేవాళ్ళున్నారు, తొట్లకొండ మీద ఎందుకు లేరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

చలికాలం వచ్చిందంటే చాలు, మీ పేపర్లోనే కాదు అన్ని పేపర్లలోనూ, ఫోన్లో రీల్స్‌లోనూ అవే నాలుగు పేర్లు, లంబసింగి, వంజంగి, అరకు, కైలాసగిరి. ఆంధ్రా కశ్మీర్ అని హెడ్డింగ్, కింద పొగమంచు ఫొటో. అది చూసి హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి మా చుట్టాలు బయల్దేరి వస్తారు, దగ్గరుండి అన్నీ తిప్పి చూపిస్తాం, తీరా తిరిగొచ్చాక "ఇంతేనా వదినా మీ వైజాగ్" అంటారు. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, ఆ మాట వింటే ఎంత బాధగా ఉంటుందో మీకు తెలీదు. ఇంతే కాదండి మా ఊరు. మనం చూపించే చోట్లు వేరు, చూడాల్సిన చోట్లు వేరు అయిపోయాయి, అందుకే రాస్తున్నాను.

లంబసింగి చెడ్డదని నేననట్లేదు. సముద్రమట్టానికి ఇంచుమించు వెయ్యి మీటర్ల ఎత్తు, డిసెంబర్ జనవరిలో కొన్ని రాత్రులు సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది, గడ్డి మీద మంచు గడ్డకట్టడమూ నిజమే. కానీ "మంచు కురుస్తోంది" అని మీరు రాసేసరికి సిమ్లాలో కురిసినట్టు కురుస్తుందనుకుని పిల్లలకి స్వెట్టర్లు కొని మరీ తీసుకొస్తున్నారు. అక్కడ ఉండేది పొగమంచు. అర్ధరాత్రి వైజాగ్‌లో బయల్దేరి ఘాట్ రోడ్డులో ఒక కారు వెనక ఒక కారు ఇరుక్కుపోయి, తెల్లారేసరికి చేరితే టెంట్ల దగ్గర డీజే మోత, టీ కొట్టు దగ్గర తోపులాట, బాత్రూమ్ కోసం ఆడవాళ్ళ అవస్థ. చలిలో నిశ్శబ్దంగా ఉండే ఊరు అది, నిశ్శబ్దమే దాని అందం, దాన్నే లేకుండా చేసేశాం.

వంజంగి మేఘాలు మాత్రం అద్భుతమే, కాదనను. కానీ అవి రోజూ ఉండవు, ఎందుకుండవో చెప్పేవాళ్ళే లేరు. రాత్రంతా ఆకాశం మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉంటే నేల బాగా చల్లబడుతుంది, చల్లగాలి బరువు కాబట్టి లోయలోకి జారి అక్కడి తేమని మంచుపొర చేసి నిలబెడుతుంది, కొండ మీంచి చూసేవాళ్ళకి అది పాలసముద్రంలా కనపడుతుంది. ముందురోజు రాత్రి ఈదురుగాలి కొట్టినా, మబ్బు పట్టినా అది ఏర్పడదు, ఎండెక్కితే విడిపోతుంది. ఈ నాలుగు ముక్కలు ఫొటో కింద వేస్తే ఎంతమంది ప్రయాణం ఇంకో రోజుకి వాయిదా వేసుకుంటారో ఆలోచించండి. చెప్పకపోతే చీకట్లో కొండెక్కి, ఏమీ కనపడక, కోపంతో తాగిన బాటిళ్ళు, తిన్న నూడుల్స్ కప్పులు అక్కడే పడేసి దిగుతున్నారు. అది ఖాళీ కొండ కాదు, కింద గిరిజనుల ఊళ్ళున్నాయి, వాళ్ళ పొలాలున్నాయి, వాళ్ళు తాగే ఊటనీళ్ళున్నాయి.

అరకు ఒక్కరోజు ప్యాకేజీ గురించి మాట్లాడాలంటే నాకు నిజంగా ఏడుపొస్తుంది. పొద్దున్నే బస్సు, పద్మాపురం గార్డెన్‌లో కాసేపు, మ్యూజియంలో కాసేపు, బొంగులో చికెన్, ఓ రిసార్ట్ లాన్‌లో థింసా, బొర్రా, రాత్రికి ఇల్లు. థింసా అంటే ఒకరి వీపు మీదుగా ఒకరు చేతులు కలుపుకుని గొలుసుకట్టుగా ఆడేది, వాళ్ళ పండగలకి, వాళ్ళ పెళ్ళిళ్ళకి వాళ్ళు ఆడుకునేది, దాన్ని భోజనాల టైంలో ప్రోగ్రాం చేసేశారు. వలిసె పూలు పూసే రోజుల్లో చూడాలి, ఫొటోల కోసం చేలల్లోకి దిగిపోతారు, అది నూనెగింజల పంట అని, పువ్వు తొక్కితే గింజ పోతుందని ఎవరూ చెప్పరు.

అదే అరకుకి వైజాగ్ నుంచి కిరండూల్ వెళ్ళే పాసింజర్ రైల్లో మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని వెళ్ళండి, అసలు ప్రయాణమంటే అది. టూరిస్టుల కోసం పెట్టిన అద్దాల పెట్టెలో టికెట్లు దొరకలేదని చాలామంది ట్రిప్పే మానుకుంటారు, అవసరం లేదండి, కొండలు అందరికీ ఒకటే. కొత్తవలస దాటి, ఎస్.కోట దాటి, బొడ్డవర నుంచి బండి కొండెక్కడం మొదలెడితే శివలింగాపురం, త్యాడ, చిమిడిపల్లి, ఒక్కో స్టేషన్‌కీ గాలి మారిపోతుంటుంది, దారిలో ఒకదాని తర్వాత ఒకటి సొరంగాలు, ఒక్కో సొరంగం రాగానే పెట్టెలో పిల్లలంతా ఒక్కసారి కేకలు. ఆయా కాలాల్లో సీతాఫలాలు, పనస తొనలు, ఉడికించిన మొక్కజొన్న అమ్మే ఆడవాళ్ళు ఎక్కుతారు. ఈ లైను మనకోసం వేసింది కాదు, ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి 1960ల్లో జపాన్ సాయంతో వేసింది, ఎదురుగా వచ్చే గూడ్సుల్లో ఇప్పటికీ ఆ ఖనిజమే. ఈ సంగతి మా ఆడపడుచు కొడుకుకి చెప్తే వాడు అరకు వచ్చేదాకా ఫోన్ ముట్టుకోలేదు, గూడ్సు పెట్టెలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు.

గోస్తనీ నది సంగతే తీసుకోండి. బొర్రా గుహలు చూసి బయటికొచ్చినవాళ్ళని లోపల ఏముందని అడిగితే రంగు లైట్లు, శివలింగం అంటారు. అనంతగిరి కొండల్లో పుట్టి ఆ గుహల్లోంచి సాగే నది గోస్తనీయే, సున్నపురాయిని నీళ్ళు ఏళ్ళ తరబడి కరిగిస్తే ఆ గుహలు వచ్చాయి. అదే నది దిగి వచ్చి తాటిపూడి రిజర్వాయర్‌లో నిండుతుంది, ఆ నీళ్ళు వైజాగ్ తాగడానికి వస్తాయి, మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే బొర్రాకి, భీమిలికి, మన కుళాయికి ఒకటే నది. రెండు రోజుల్లో కొండ నుంచి సముద్రం దాకా ఒక నదిని చూడొచ్చు, ఇంత చక్కటి ప్రయాణం మన దగ్గర పెట్టుకుని ఒక్క బ్రోచర్‌లో కూడా వేయరేంటండీ.

పేరున్నవన్నీ దండగని నేననుకోను. బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ ముందు ఎంత లైనున్నా నిలబడమనే చెప్తాను. సోవియట్ యూనియన్లో తయారై 1969లో మన నేవీలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో రిటైరైతే 2002లో ఒడ్డుకి తెచ్చి మ్యూజియం చేశారు. లోపల గైడ్లుగా నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళుంటారు, ఇక్కడ పడుకునేవాళ్ళం, ఇక్కడ వండుకునేవాళ్ళం, టార్పీడో ఇలా ఎక్కించేవాళ్ళం అని చెప్తుంటే చిన్నపిల్లలు కూడా కదలరు. బయటికొచ్చినవాళ్ళెవరూ "ఇంతేనా" అనడం నేను వినలేదు. అక్కడ పెద్ద హంగులేం లేవు, సన్నటి ఇనప గొట్టంలో వంగి నడవాలి. ఉన్నదల్లా తెలిసినవాడు పక్కన నిలబడి చెప్పడం, నేను అడిగేది అదొక్కటే.

ఇప్పుడు అదే బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్తుంటే ఎడమపక్క తొట్లకొండ వస్తుంది. రెండువేల ఏళ్ళ కిందటి బౌద్ధ విహారం, 1970ల్లో నేవీ వాళ్ళ సర్వేలో బయటపడి తర్వాత తవ్వితే స్తూపాలు, చైత్యాలనే ప్రార్థనా మందిరాలు, భిక్షువుల గదులు, రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు, శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. రోమ్ నాణెం మన కొండ మీద ఎందుకుంది, ఏ ఓడలో వచ్చింది, అడగడానికి ఎన్ని ప్రశ్నలున్నాయి. పైన నిలబడితే సముద్రం మొత్తం కనపడుతుంది, కైలాసగిరి మీంచి కనపడేదానికి ఏమాత్రం తక్కువ కాదు, రోప్‌వే లైనూ లేదు. కానీ అక్కడ ఎవరు కనపడతారు? ప్రీ వెడ్డింగ్ షూట్‌లవాళ్ళు, నీడ కోసం వచ్చిన కాలేజీ పిల్లలు. పిల్లల్ని నేను తప్పు పట్టను, ఇవేంటో చెప్పేవాళ్ళుంటే వింటారు. ఉన్న బోర్డేమో చిన్న అక్షరాలతో, సగం ఎండకి వెలిసిపోయి.

అదే దారిలో భీమిలికి ముందు వచ్చే ఎర్రమట్టి దిబ్బలదీ అదే గతి. సముద్రం ముందుకొచ్చి వెనక్కెళ్ళిన వేల ఏళ్ళలో గాలి తెచ్చి పోసిన ఇసుక, అందులో ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది, వానలకి లోతైన వాగుల్లా కోసుకుపోయింది. ఇలాంటివి తమిళనాడులో, శ్రీలంకలో ఉన్నాయి, ఇంకెక్కడా పెద్దగా లేవు. జియోలాజికల్ సర్వే వాళ్ళు భూవారసత్వ స్థలంగా గుర్తించారు కూడా. మనకి మాత్రం అది సినిమా లొకేషన్. పైకెక్కి జారుతుంటారు, ఒక్కసారి జారితే విరిగిన అంచు మళ్ళీ రాదు.

భీమిలిలో లైట్‌హౌస్ పక్క నుంచి నడిస్తే డచ్ వాళ్ళ సమాధులు, 17వ శతాబ్దం నాటివి, రాళ్ళ మీద చెక్కడం చేత్తో తడిమితే తెలుస్తుంది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరది. సాయంత్రం ఆర్టీసీ బస్సులో వెళ్ళి చూసి, బీచ్‌లో ముంత మసాలా తిని వచ్చేయొచ్చు. అనకాపల్లి పక్కన శంకరం దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండ అయితే నాకు అన్నిటికన్నా ఇష్టం, కొండ రాయినే స్తూపాలుగా చెక్కేశారు, ఒకటి రెండు కాదు వరసలు వరసలు, పక్కన చెరుకు తోటలు, మనిషి అలికిడి ఉండదు. మా పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి, అరగంటసేపు మాట్లాడకుండా చూసి, "ఇంత దగ్గర పెట్టుకుని ఇన్నాళ్ళూ చెప్పలేదేమే" అని నన్నే తిట్టింది.

ఇక వన్ టౌన్లో పోర్టు కాలువ పక్క మూడు కొండలు, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, మధ్యలోంచి ఓడలు లోపలికొస్తాయి, 1933లో తెరిచిన పోర్టు ఇది. టికెట్ లేదు, టైమింగ్ లేదు. మా ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఎక్కువ నచ్చింది ఇదీ, పొద్దున్నే ఫిషింగ్ హార్బర్లో చేపల వేలంపాటా. కోనాం, చందువా, రొయ్యలు బుట్టలు బుట్టలు దిగుతుంటే పాట పాడే ఆడవాళ్ళ గొంతు ముందు మగవాళ్ళ గొంతు వినపడదు.

పర్యాటక శాఖ వాళ్ళకి నా విన్నపం, కొత్త సెల్ఫీ పాయింట్లు, రంగు అక్షరాల బోర్డులు కాస్త ఆపి ఆ డబ్బుతో మనుషుల్ని పెట్టండి. ఆంధ్రా యూనివర్సిటీలో హిస్టరీ ఆర్కియాలజీ, జియాలజీ చదివే పిల్లలున్నారు, రిటైరైన మాస్టార్లున్నారు, భీమిలి జాలరిపేటల్లో చదువుకుని ఖాళీగా ఉన్న కుర్రాళ్ళున్నారు. శని, ఆదివారాలు తొట్లకొండ మీద ఇద్దరు, దిబ్బల దగ్గర ఇద్దరు, బొజ్జన్నకొండ దగ్గర ఇద్దరు చాలు, గౌరవంగా బతికేంత జీతం ఇచ్చి పెట్టండి. తాగే నీళ్ళు, ఆడవాళ్ళకి శుభ్రమైన టాయిలెట్, తిరిగొచ్చే బస్సు టైం రాసిన బోర్డు ఉంటే ఇంకేం అక్కర్లేదు. లంబసింగి, వంజంగిల్లో మాత్రం రోజుకి ఇన్ని బళ్ళే అని హద్దు పెట్టాలి, ఆ హద్దు ఎంతో అక్కడి ఊళ్ళవాళ్ళని అడిగి పెట్టాలి.

మీకు నా విన్నపం, ఆదివారం పేజీలో వారానికి ఒక్క చోటు గురించి వేయండి. ఏ బస్సెక్కాలి, ఏ టైంకి వెళ్ళాలి, అక్కడ దేన్ని చూడాలి, ఎందుకు చూడాలి, ఏది ముట్టుకోకూడదు, ఇవి ఉంటే చాలు. హార్బర్ గురించి వేసేటప్పుడు ఒక్క జాగ్రత్త, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం, ఆ రెండు నెలల్లో మాత్రం వేయకండి, అంత పొద్దున్నే లేచి వచ్చినవాళ్ళకి కట్టేసిన బోట్లు తప్ప ఏమీ కనపడవు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం