ఉద్దానంలో మా నాన్నగారు

సంపాదకులకు,

ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలంలో కొబ్బరి, జీడి తోటలు సాగుచేసుకుంటూ మమ్మల్ని చదివించిన మా నాన్నగారు ఈ ప్రాంతంలో ఎందరినో పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధితో ఇటీవల కన్నుమూశారు. డయాలసిస్ మొదలయ్యాక వైద్యులు నీళ్లకు కొలత పెట్టడంతో, నడి వేసవిలో సైతం చిన్న స్టీలు గ్లాసుతో గుక్కగుక్కగా సరిపెట్టుకునేవారు. ఆయన ఎదుట తాగడానికి మేం మొహమాటపడితే మాత్రం కసిరేవారు. నాలుగు గంటలు యంత్రానికి అంటిపెట్టుకుని ఇల్లు చేరిన రోజున కూడా అమ్మ పక్కన కూర్చుని కూరగాయలు తరిగేవారు (అంత సన్నగా అమ్మకూ రాదు). పలాసలో 2023లో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభం కావడం మేలే అయినా, ఈ వ్యాధికి అసలు కారణం ఇంకా స్పష్టంగా తేలలేదు. లక్షణాలు కనిపించేసరికే ఆయనకు ఆలస్యమైంది కనుక, తోటల్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఏటా ఊళ్లోనే మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

— ఒక కుమార్తె, శ్రీకాకుళం జిల్లా