ఆ లెక్కలో మా జీడితోట కూడా ఉంది

సంపాదకులకు నమస్కారం.

దేశ ఆదాయం పెరిగితే వైద్యానికి పెట్టే ఖర్చు దానంతటదే పెరుగుతుందని గత ఆదివారం మీ పత్రికలో వ్యాసం వచ్చింది. ముప్పై ఏళ్లు జూనియర్ కళాశాలలో నేను చెప్పిన పాఠమూ అదే. 1977లో అమెరికా ఆర్థికవేత్త జోసెఫ్ న్యూహౌస్ 13 దేశాల లెక్కలు చూసి, తలసరి వైద్య ఖర్చులోని తేడాల్లో 90 శాతానికి పైగా తలసరి ఆదాయంతోనే ముడిపడి ఉన్నాయని తేల్చాడు. నిజమే. కానీ ఆ డబ్బు ఎవరి చేతి నుంచి పోతోందో ఆ పాఠంలో లేదు.

మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. మా తమ్ముడికి కిడ్నీలు పాడై నాలుగేళ్లయింది. డయాలసిస్ ఉచితమే, పింఛనూ వస్తోంది, కాదనను. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మాదీ ఒకటి. అయినా మా మరదలు ఒక నోటుపుస్తకం రాస్తోంది. ఆటో కిరాయి, రక్త పరీక్షలు, ఒంట్లో రక్తం పెరగడానికి బయట కొన్న సూది మందు, తోడు వెళ్లిన రోజు పోయిన కూలి. మొదటి ఆరు పేజీలూ జబ్బేమిటో తేలకముందు విశాఖలో ప్రైవేటు ఆసుపత్రుల చుట్టూ తిరిగిన ఖర్చే. ఏడో పేజీలో ఒకటే వరుస: ‘తోట అమ్మకం, ఎకరం’. అవి మా నాన్న నాటిన జీడిచెట్లు.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశ ఆరోగ్య వ్యయం జీడీపీలో 3.8 శాతం. ప్రభుత్వాలు పెట్టింది 1.84 శాతమే. మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం సొంతంగా కట్టుకున్నారు. అంటే మా తోట అమ్మిన డబ్బు కూడా దేశం పెట్టిన ఖర్చు కిందే జమ! ఆ అంకె పెరిగిందని సంతోషించమంటే నా వల్ల కాదు.

థాయిలాండ్ సంపన్న దేశం అయ్యేదాకా ఆగలేదు. 1997 ఆర్థిక సంక్షోభం దెబ్బ నుంచి కోలుకుంటూనే, 2002 నాటికి తమ కరెన్సీలో 30 బాత్‌లకే వైద్యం అందించే పథకాన్ని దేశమంతటా తెచ్చింది. మనమేమో 2025 నాటికి ప్రభుత్వ వ్యయాన్ని జీడీపీలో 2.5 శాతానికి చేరుస్తామని 2017 ఆరోగ్య విధానంలో రాసుకున్నాం. గడువు వచ్చినా అక్కడికి చేరలేదు.

శాసనసభ్యులను నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఉద్దానంలో పెద్దవారందరికీ ఏటా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష ఊళ్లోనే ఉచితంగా చేయించండి. సూది మందు డయాలసిస్ కేంద్రంలో ఏ రోజూ లేదనిపించకండి. తమ్ముడి కొడుక్కి ఇరవై ఆరేళ్లు. పోయిన నెల వాణ్ణి సోంపేట తీసుకెళ్లి, డబ్బు కట్టి పరీక్ష చేయించాం. మరదలు అదీ నోటుపుస్తకంలో రాసింది.

– ఒక విశ్రాంత ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా