మొక్కల లెక్క సరే, కరువు లెక్క ఎవరు రాస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది అనంతపురం దగ్గర పల్లె, ఉద్యోగం వల్ల జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్‌లో ఉంటున్నా, మీ పేపర్ మాత్రం రోజూ ఫోన్లో చదువుతా. ఇన్ని కోట్ల మొక్కలు నాటారు, భూమిని వేడెక్కించే కార్బన్‌ని అవే పీల్చేస్తాయి, ఇక ఆ గొడవ తీరినట్టే అనే లెక్కలో వార్తలు ఎక్కువైపోయాయి. ఇక్కడా అంతే, ఫ్లయిట్ టికెట్ కొంటుంటే ఇంకాస్త డబ్బు కట్టండి మీ పేరు మీద చెట్టు పెడతాం అంటారు. చెట్లు వద్దని నేననడం లేదు, ఎవరంటారు చెప్పండి, కానీ ఇక్కడ చూసింది మీకు రాయాలనిపించింది.

పోయినేడు మా నాన్న వస్తే హార్జ్ కొండలకి తీసుకెళ్ళా. బ్రోకెన్ శిఖరం మీదకి ఆవిరి రైలుంది, పిల్లోడిలా కిటికీ పక్కన కూర్చున్నాడు, కాసేపటికి మాట ఆగిపోయింది. కొండ కొండంతా బూడిద రంగు. కొమ్మా రెమ్మా లేకుండా నిలబడి చచ్చిన మాన్లు. నలభై ఏళ్ళు చెనక్కాయ పండించిన మనిషి, "ఇదేందిరా, ఈడ గూడా కరువా?" అన్నాడు. బ్రోకెన్ మీద ఏడాదికి 1800 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, మా అనంతపురంలో 550 పడితే గొప్ప, ఆ మాట చెబితే నమ్మలేదు. చెట్టుకి కరువంటే మనం అనుకునే కరువు కాదు, పుట్టినప్పట్నుంచి అలవాటైన నీళ్ళు అందకపోవడం. ఆ చచ్చినవి స్ప్రూస్ అనే సూదాకుల చెట్లు, వాటి వేళ్ళు లోతుకి దిగవు, ఆ చెట్టుకి చల్లగా తడిగా ఉండే నేల కావాలి. 2018, 2019, 2020 వరసగా మూడేళ్ళు ఎండ ఎక్కువై వాన తగ్గేసరికి ఇక తట్టుకోలేకపోయింది.

అసలు కథ చెట్టు చావక ముందే మొదలవుతుంది, అది పేపర్లో రాదు. ఈ చలి దేశాల్లో చెట్టు లావెక్కేది వసంతం నుంచి వేసవి చివరిదాకా ఆ కొద్ది నెలలే, అదే మాను కోసినప్పుడు కనపడే ఒక్కో వలయం. నీళ్ళు తగ్గితే మొదట ఆగిపోయేది ఆకు పని కాదు, ఈ లావెక్కే పని, ఎందుకంటే కొత్త కణం ఉబ్బాలంటే లోపల నీటి ఒత్తిడి ఉండాలి. అంటే అడవి ఇంకా పచ్చగానే కనపడుతుంటుంది, కలప మాత్రం చేరడం లేదు, కార్బన్ దాగేదేమో ఆ కలపలోనే, ఎండిన కలప బరువులో సగం దాకా అదే. ఇంకా ముదిరితే నీళ్ళు పోకుండా ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, దాంతో గాలీ లోపలికి రాదు, తిండీ బంద్. ఇంకా ముదిరితే నీళ్ళు పైకెక్కే సన్న గొట్టాల్లో గాలి బుడగలు చేరి దారి మూసుకుపోతుంది. మళ్ళీ వానలొచ్చాయి కదా అంటే వెంటనే కోలుకోవు, కరువు తర్వాత రెండు మూడేళ్ళు కూడా వలయాలు సన్నగానే వస్తాయని చాలా దేశాల్లో చూశారు.

ఇక నీరసపడ్డ చెట్టు మీదకి బెరడు పురుగు. జర్మన్‌లో దాని పేరుకి అర్థం అచ్చు వేసేవాడు అని, బెరడు ఊడదీస్తే లోపల నిజంగానే అచ్చు వేసినట్టు గీతలుంటాయి. బలంగా ఉన్న చెట్టు బంక కార్చి పురుగుని ముంచేస్తుంది, దాహంతో ఉన్న చెట్టుకి బంకెక్కడిది? పైగా 2018 జనవరిలో పెద్ద తుఫాను కూల్చిన మాన్లు దానికి విందు. అందులో మనుషుల పాత్ర కూడా ఉంది, గనుల కాలం నుంచి త్వరగా పెరుగుతుందని స్ప్రూసే పెట్టారు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నరికేసిన చోట కూడా మళ్ళీ అదే, కొండల నిండా ఒక్క జాతి, ఒక్క వయసు.

2024లో వాళ్ళ అడవుల లెక్క బయటికొచ్చింది. పదేళ్ళకోసారి దేశమంతా ఎంచుకున్న చోట్ల మాన్లు కొలిచి తీసే లెక్క అది, మన ఫొటో లెక్క కాదు. 2017 నుంచి చూస్తే జర్మనీ అడవుల్లో కార్బన్ 4 కోట్ల 15 లక్షల టన్నులు తగ్గింది, అంటే పీల్చుకోవాల్సిన అడవి వదులుతోంది. తమాషా ఏంటంటే 2045 కల్లా అడవులు నేలలు కలిసి ఏడాదికి 4 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ పీల్చాలని వీళ్ళు చట్టంలో రాసుకున్నారు, ఆ చట్టం అడవికి తెలియదు కదా. ఇది కొత్త కూడా కాదు, 2003 వేసవిలో ఎండలకీ కరువుకీ యూరప్ పచ్చదనం అంతకు ముందు నాలుగేళ్ళు దాచింది ఒక్క ఏడాదిలో వదిలేసింది. కాలిఫోర్నియాలో 2012 నుంచి సాగిన కరువుకి 12 కోట్లకి పైగా చెట్లు చచ్చాయి.

మన దగ్గర వేప, చింత వేరు, ఈ స్ప్రూస్ వేరు, జర్మనీ కథ మనకి అచ్చంగా సరిపోతుందని నేననను. మొక్కలు నాటేవాళ్ళు లెక్క రాసే పద్ధతి మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే, నాటిన రోజు రాస్తారు, తర్వాత ఎవరూ అడగరు. 2015లో తెలంగాణలో హరితహారం మొదలైనప్పుడు 230 కోట్ల మొక్కలు టార్గెట్ అని అన్ని పేపర్లూ రాశాయి. కాబట్టి నా రిక్వెస్ట్ ఒక్కటే, వచ్చే జూన్ 5న, పర్యావరణ దినం నాడు, మంత్రి గారు పార పట్టుకున్న ఫొటో వేసుకోండి, దాని పక్కనే ఐదేళ్ళ కింద అదే మండలంలో ఏ జాతివి ఎన్ని పెట్టారు, మధ్యలో కరువొచ్చిన ఏడు ఎన్ని పోయాయి, ఉన్నవాటి మాను చుట్టుకొలత ఎంతుంది అని మీ విలేకరిని టేపు పట్టుకుని పంపి కొలిపించండి. మా మండలంతో మొదలుపెడితే మా నాన్న తోడొస్తానన్నాడు.

ఒక పాఠకుడు, బ్రౌన్‌ష్వైగ్, జర్మనీ