ఆ రాత్రి ఒపువో దాకా బండి నడిపిన అన్నకి

అందరికీ నమస్కారం. నాన్న నిన్న రాత్రి పెరుగన్నం రెండు ముద్దలు తిన్నారు, షుగర్ 190కి దిగింది. నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో రూమ్‌లో కూర్చుని రాస్తున్నా, నాలుగు రోజులుగా నిద్ర లేదు, తప్పులుంటే ఏమనుకోకండి.

నమీబియాలో కునేనె నది ఒడ్డున, ఎపుపా జలపాతం దగ్గర సఫారీ క్యాంపులో దిగాం. చుట్టూ ఎండిపోయిన రాళ్ల కొండలు, మధ్యలో మాత్రం నది, మన తాటిచెట్లలా మకలాని చెట్లు, అవతలి ఒడ్డు అంగోలా. వచ్చేటప్పుడు కంకర రోడ్డు మీద రెండు టైర్లు పోయాయి, అవి మార్చే హడావిడిలో ఇన్సులిన్ సంచి కారు వెనకద్దం కింద ఎండలో ఉండిపోయింది. చూడ్డానికి మందు తేటగానే ఉంది, పని మాత్రం చేయలేదు. రెండో రోజు రాత్రికి వాంతులు, ఆయాసం, మీటర్‌లో అంకె కూడా రాలేదు, 'హై' అని పడింది.

క్యాంపులో డ్రైవర్‌గా చేసే, అక్కడి హింబా తెగకి చెందిన అన్న అప్పటికే డ్యూటీ దిగి పడుకున్నాడు. లేపితే ఒక్క ప్రశ్న వేయలేదు, తాళం తీసుకుని బయల్దేరాడు. ఆస్పత్రి ఉన్న ఊరు ఒపువో, దాదాపు 180 కిలోమీటర్లు. నాన్నని "తాతే" అని పిలిచాడు, వాళ్ల భాషలో నాన్న అనట, ఆ మగతలోనే నాన్న "తాత అంటున్నాడ్రా" అన్నారు. ఎండిన వాగు అడ్డొచ్చిన ప్రతిచోటా బండి ఆపి, టార్చితో ముందు తను నడిచి, రాళ్లు కాలితో పక్కకి నెట్టి, అప్పుడు మెల్లగా దింపేవాడు, నాన్నకి కుదుపు తగలకూడదని.

ఆస్పత్రిలో సెలైన్ పెట్టాక చూస్తే, వంగి నాన్న బూట్లు విప్పి, బయటికెళ్లి ఇసుక దులిపి, తెచ్చి మంచం కింద జతగా పెడుతున్నాడు. కన్నకొడుకుని, నాకు తట్టలేదు ఆ పని. వరండాలోకి వెళ్లి గోడకి ఆనుకుని ఏడ్చేశా. డబ్బులివ్వబోతే డీజిల్‌కి తప్ప ముట్టుకోలేదు. ఒకుహెపా అన్నా. వాళ్ల భాషలో నాకొచ్చిన థ్యాంక్స్ అదొక్కటే.

మా ఆవిడా చెల్లీ పక్కనే ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పేదేముంది.

ఇన్సూరెన్స్ వాళ్ల గురించి చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు. నాన్నకి షుగర్ ఉందని ముందే చెప్పి ఎక్కువ ప్రీమియం కట్టాం, అర్ధరాత్రి ఫోన్ చేస్తే "నెట్‌వర్క్ ఆస్పత్రిలో చేరి కాగితాలు మెయిల్ పెట్టండి" అంటారు, ఆ ఎడారిలో నెట్‌వర్క్ ఆస్పత్రి ఎక్కణ్ణుంచి తేవాలి? ఇప్పుడేమో షుగర్ పాత జబ్బు కాబట్టి చూడాలట. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు పాలసీ కాగితం ప్రతి లైనూ చదవండి, ఇన్సులిన్ మాత్రం చేతిసంచిలోనే పెట్టుకోండి.

అయ్యో, ఆ రాత్రి నర్సమ్మ గురించి రాయలేదు, తెల్లారేదాకా గంటగంటకీ వచ్చి వేలు గుచ్చి చూసింది. పక్క టెంట్‌లో జర్మన్ దంపతులు ఐస్‌పెట్టె ఇచ్చేశారు, తిరిగివ్వడానికి అడ్రస్ కూడా తీసుకోలేదు. ఆ పెరుగన్నం కూడా ఇక్కడ విండ్‌హుక్‌లో ఉండే తెలుగువాళ్లు పంపిందే, వాళ్ల గిన్నె ఇంకా నా దగ్గరే ఉంది, రేపు ఇచ్చేస్తా.