త్రిశూలం క్వారీ దగ్గర కలిసిన తాతగారికి

చెన్నై త్రిశూలం కొండల్లో పాత రాతి క్వారీలు చూడటానికి పిల్లలతో వచ్చినవాళ్లం మేమే, తాతగారూ. పేరడిగితే నవ్వేసి వెళ్లిపోయారు. అందుకే అందరి ముందూ ఇలా దండం పెడుతున్నాం. నీళ్లు నిండిన గుంత అంచున పిల్లలు నిలబడితే "బాబూ, వెనక్కి రండి, కింద డొల్ల!" అని కేకేశారు. ఈ ఊళ్లో ఆ తెలుగు వినగానే ప్రాణం లేచొచ్చింది. ఆపైన బండ మీద వరసగా ఉన్న ఉలి గుంటల్లో మా పాప వేలు పెట్టించి, చీలలు దిగ్గొట్టి రాయి ఎలా చీలుస్తారో చెప్పారు. కోల్‌కతాలోని ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి రాయి ఈ పల్లావరం వైపుదేననీ, 1893లో భూగర్భ శాస్త్రవేత్త హాలండ్ దానికి చార్నోకైట్ అని పేరు పెట్టారనీ చదివాను. నీళ్లు చల్లి అందులోని నీలి ఛాయ చూపించింది మాత్రం మీరే. ఈ తాతగారిని ఎరిగినవాళ్లుంటే మా నమస్కారం చెప్పండి.