కారు కింద మరక

పద్మారావునగర్,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి కావ్యకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు ఈ వారం కాస్త నయం. మామ్మ లేస్తూనే నీ గురించి అడుగుతోంది, అది మామూలే. వానలకి మన సెల్లార్‌లో మళ్లీ నీళ్లు చేరాయి, యాదయ్య మోటారు పెట్టి తోడేశాడు. ఇవన్నీ ఫోన్‌లో చెబుదామంటే నువ్వు దొరకడం లేదు. "బిజీ నాన్నా, తర్వాత చేస్తా" అన్న మెసేజ్ వచ్చి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. కరెంటు బిల్లు కట్టిన రోజే వచ్చింది, అందుకే గుర్తుంది.

అసలు రాయాలనుకున్నది కారు గురించి. పోయిన వారం చందు ఆఫీసు పని మీద పుణె వస్తుంటే నీకు గోంగూర సీసా ఇచ్చి పంపాం. నీ ఫ్లాట్‌కి తాళం ఉందట. సీసా వాచ్‌మన్ చేతికిచ్చి, కింద నీ కారు చూశాడట. అద్దం మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. ముందు వైపు, ఇంజన్ కింద, పళ్లెమంత నల్లటి మరక. వాడు శారదత్తయ్యకి చెప్పాడు, అత్తయ్య అమ్మకి చెప్పింది, అమ్మకి ఆ రాత్రి నిద్ర లేదు. అమ్మ బెంగ దుమ్ము గురించి. నేను ముందు మరక సంగతి రాస్తాను.

దాని మీద వేలు పెట్టి చూడు. ఉత్త నీళ్లయితే ఏసీవి, భయం లేదు. పచ్చగానో గులాబీ రంగులోనో ఉంటే కూలెంట్. నల్లగా, వేళ్ల మధ్య జారుతూ ఉంటే ఇంజన్ ఆయిల్. తడిగా ఉందా, నేలలోకి ఇంకిపోయి ఉందా అని చందుని అడిగాను. వంగి చూడలేదన్నాడు. ఇంకిపోయి ఉంటే అది పాత మరక, అంతకుముందు అక్కడ పెట్టుకున్న వాళ్ల బండిది కూడా కావచ్చు.

నువ్వు పుణె వెళ్లిన ఏడాది మన వ్యాగనార్‌కీ ఇదే వచ్చింది. కొత్త ఉద్యోగంలో ఉన్నదానికి టెన్షన్ ఎందుకని నీకు చెప్పలేదు. మొదట చూపించిన చోట కింద నుంచి ఒక్కసారి టార్చి వేసి, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి, పద్నాలుగు వేలవుతుంది అన్నారు. తడి నిజంగా అక్కడే ఉంది, నా కళ్లతో చూశాను. తాళం చెవి ఇవ్వబోతుంటే మూర్తి బాబాయ్ ఫోన్ చేసి ఆపాడు. వారాసిగూడలో ఒక ఉస్తాద్ ఉన్నాడు, ఆయనకి చూపించకుండా ఏదీ దించనివ్వకు అన్నాడు.

ఉస్తాద్‌కి డెబ్బై దాటాయి. బానెట్ ఎత్తాడు కానీ ఒక్క బోల్టూ విప్పలేదు. డీజిల్, బ్రష్షు తీసుకుని ఇంజన్ అంతా కడిగాడు, గంట పట్టింది. గుడ్డతో తుడిచి, గాలి కొట్టి, ఆరాక "ఇప్పుడు తిప్పుకుని రండి సార్" అన్నాడు. తార్నాక, ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్ దాకా వెళ్లొచ్చాను. ఏమీ కనబడలేదు. రాత్రికి కారు కింద అట్టముక్క పరచమన్నాడు, ముందు టైర్లు ఎక్కడున్నాయో దాని మీద గీత గీసుకోమన్నాడు. పొద్దున చూస్తే నాలుగు చుక్కలు, అన్నీ గేర్‌బాక్స్ వైపే. ఇక సీలే అనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. నూనె కిందికి జారుతుంది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పోతుంది, చుక్క పడిన చోటుని పట్టుకుంటే మోసపోతాం, తడి అన్నిటికన్నా పైన ఎక్కడ మొదలైందో అది పట్టుకోవాలి అన్నాడు. మొహానికి రాసుకునే పౌడర్ తెచ్చి ఇంజన్ పక్కలంతా చల్లాడు. ఇంజన్ ఆన్ చేసి ఉంచాం, నేను టార్చి పట్టుకున్నాను. చాలాసేపటికి, ఆ తెల్లటి పౌడర్ మీద ట్యాపెట్ కవర్, అంటే ఇంజన్ పైమూత, వెనక మూల నుంచి దారమంత సన్నటి గోధుమరంగు గీత దిగింది. మెల్లగా గేర్‌బాక్స్ అంచు దాకా వచ్చి అక్కడ చుక్క కట్టింది. అది చూశాక నా మనసు ఎంత కుదుటపడిందో చెప్పలేను.

కవర్ తీస్తే లోపలి రబ్బరు గ్యాస్కెట్ వేడికి బిరుసెక్కి, వంచగానే పుటుక్కున విరిగింది. ఉస్తాద్ అక్కడితో ఆగలేదు. పీసీవీ వాల్వ్ అని బొటనవేలంత ఉంటుంది, ఇంజన్ లోపల చేరే గాలి బయటికి పోవడానికి దారి అదే. దాన్ని ఊడదీసి చెవి దగ్గర ఆడించాడు. టకటకమనాలట. మడ్డి పట్టి చప్పుడే లేదు. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి కొత్త గ్యాస్కెట్ దగ్గరా నూనె తన్నుకొస్తుందట. రెండూ పుత్లీబౌలి వెళ్లి నేనే తెచ్చాను. మజూరీతో కలిపి పదహారు వందలు. బోల్టులు కూడా ఒకదాన్ని పూర్తిగా బిగించి ఇంకోదానికి వెళ్లలేదు, మధ్యలో మొదలుపెట్టి అంచులకి కొద్దికొద్దిగా బిగించుకుంటూ పోయాడు. బలంగా లాగితే కవర్ వంగి ఇంకా కారుతుందట.

కాబట్టి అక్కడ ఎవరైనా చూడగానే గేర్‌బాక్స్ దించాలంటే తల ఊపకు. ముందు కడగమను. కారు సమంగా ఉన్న నేల మీద ఉండగా డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూడు, నూనె రెండు గుర్తుల మధ్య ఉండాలి. కింది గుర్తు కన్నా తగ్గితే నూనె పోయకుండా స్టార్ట్ చేయొద్దు. దారిలో ఎర్రటి ఆయిల్ లైట్ వెలిగిందా, పక్కకి తీసి ఆపేయాలి, అంతే. నీ సంగతి నాకు తెలుసు, స్కూటీ రిజర్వ్‌కి వచ్చాక కూడా కోఠి దాకా వెళ్లేదానివి. ఆయిల్ దగ్గర ఆ ధైర్యం పనికిరాదు, ఇంజన్ పట్టేస్తుంది. కాలిన వాసన వచ్చినా ఆపెయ్, వేడి సైలెన్సర్ గొట్టం మీద నూనె పడితే మంట అంటుకోవచ్చు.

అన్ని రోజులు కదలకపోతే బ్యాటరీ కూడా దిగిపోయి ఉంటుంది. అసలు కారు తీయకపోతే ఆఫీసుకి ఎలా వెళ్తున్నావు? క్యాబ్‌లోనా? రాత్రిళ్లా? వేళకి తింటున్నావా? ఉద్యోగం మానేసిందేమో అని శారదత్తయ్య అంది. తెలియకుండా మాట్లాడొద్దని గట్టిగానే చెప్పాను. ఒకవేళ నిజమైనా ఫరవాలేదు తల్లీ. మూర్తి బాబాయ్‌కి ఆ సంవత్సరం ఎలా గడిచిందో నీకు తెలుసు, ఎవరికీ అన్నానికి లోటు రాలేదు.

కారు రిపేరుకని నీ అకౌంట్‌లో పది వేలు వేశాను. గ్యాస్కెట్‌కి అంత అవదు, మిగిలింది ఉంచుకో.

గోంగూర సీసా వాచ్‌మన్ దగ్గర నుంచి తెచ్చుకున్నావా? మూత చుట్టూ టేప్ వేశాం కానీ నూనె ఊరుతుంది, కింద ప్లేటు పెట్టు. ఫ్లాట్‌కి తాళం ఉంటే ఈ ఉత్తరం అందదేమోనని ఫోటో తీసి వాట్సాప్‌లో కూడా పెడుతున్నాను.

రేపు రాత్రి కారు కింద అట్టముక్క పరిచి, పొద్దున ఫోటో పంపు. చుక్కలు ఎక్కడ పడ్డాయో చూసి చెబుతాను. ఊళ్లో లేకపోతే ఎక్కడున్నావో ఒక్క ముక్క రాయి, అట్టముక్క తర్వాత చూద్దాం. రాత్రి ఎన్నింటికైనా చేయి, ఫోన్ నా తల దగ్గరే పెట్టుకుంటున్నాను.

నాన్న